గాటు

ముందుగాల మొహం చూడకు చారీ, అంటడు ముర్తదా సాబ్.
రాజులంతా ఒక్క తీరే ఉంటరు,
పక్కకు తిరిగి, మనల్ని చూడనట్టు.
మెడ కిందికెల్లి షురూ చెయ్యి.
గడియారంల ఏడు గంటల కాడ
మొదటి అక్షరం ఉంటది.

మత్రా సూక్‌ల మూడో సందు.
బయట లోబాన్ పొగ, ఓడ దిగినోళ్ళ బేరాలు.
లోపల నేను, భూతద్దం,
ఊపిరి తగిలినా వణికే తక్కెడ.

నాకు ఇంగ్లీషే సక్కగ రాదు, లాటిను నేర్సుకున్న.
వాండ్లు 'యు' రాసే కాడ 'వి' కొడ్తరు.
మాటకు మాటకు నడుమ జాగ ఇడువరు,
రూవీల మా రూము మంచాల లెక్క.
నెత్తిన ఆకుల దండ ఉంటే ఒక లెక్క.
పొద్దు కిరణాల కిరీటం పెట్టి
ఇది రెండింతలని చెప్పి
లోపల వెండి తగ్గించిండ్రట.
సాబ్ ఇది పెద్ద రహస్యం లెక్క చెప్తుంటే
నవ్వు ఆపుకున్న.
అవుసలోని కొడుకుకు ఇది కొత్త కథనా?

అంచు మీద సన్నగ అతుకు గీత కనబడిందా,
అది పోత పోసింది. దొంగది. పక్కకు పెట్టు.
అసలుది మూసల పుట్టదు,
దెబ్బ కింద పుడ్తది.

(మస్కట్ల దిగిన రాత్రి నా మొహాన్నీ ఫోటోనూ
మూడుసార్లు చూసిండు కౌంటర్ల పిలగాడు.
అటెన్క ఠప్పున ముద్ర కొట్టిండు.)

నిన్న సూర్ నుంచి ఒక లాంచీ మెకానిక్ వొచ్చిండు.
తాత సామానట, నిడో డబ్బల పద్నాలుగు బిళ్ళలు.
పదమూడు అరిగి అంగీ గుండీలైనయి.
పద్నాలుగోది వెండి.

చదివిన. టి, ఐ. అటెన్క సీజర్.
ఆకుల దండ, కిందికి వంగిన ముక్కు.
మర్లేస్తే కుర్సీల కూసున్న ఒకామె, చేతిల కొమ్మ.
తిబేరియస్, అన్న.
సాబ్ తలూపిండు. బరువు?
మూడు పాయింట్ అయిదు రెండు.
మరి ఇదేంది?

చెవి కాడికెల్లి దవడ దాక ఒక్కటే గాటు.
ఖరాబ్, అన్నడు సాబ్.
రాజు మీద కోపమున్నోడెవడో కొట్టిండు.

కోపం కాదు సాబ్.
కోరుట్లల మా నాయిన, కట్టోజు వీరాచారి,
తాకట్టుకొచ్చిన ప్రతి కడియానికీ
లోపలి దిక్కు, కాలికి తగిలే కాడ,
ఎవలకు కానరాకుంట ఇంత గాటు పెట్టేటోడు.
పైన ఎంత మెరిసినా
తొడుగు కిందికెల్లి రాగి ఎర్రగ నవ్వుతదని.
తెచ్చినోళ్ళు మొహం ముడుసుకునేది.
ఆయన తల ఎత్తకపోయేది.

ఈ ఉలి జర ఎడమకు ఒరిగింది.
పట్టుకున్నోడు తొందరల లేడు.
ఏ రేవు కాడనో, ఏ అంగట్లనో,
మిరియాల బస్తాకు ఒరిగి కూసొని
సముద్రం దాటొచ్చిన రాజు దవడ మీద ఉలి వెట్టిండు.
నువ్వెవలైతే నాకేంది,
కడుపు సూపియ్యి, అన్నడు.

భూతద్దం దగ్గరికి తెచ్చిన.
అంచులు చుట్టూ మసి పట్టినయి.
గాటు అడుగున సుత తెల్లగనే ఉన్నది.

ఇదంతా నేను సాబ్‌తోని చెప్పలేదు.
నా అరబ్బీ ఉలి దాకనే వొస్తది,
నాయిన దాక రాదు.

చీటీ రాయమన్నడు.
రాజు పేరు రాసిన, బరువు రాసిన,
కొట్టిన ఊరు లుగ్దునం, ప్రశ్న గుర్తు పెట్టిన.
లోపం అనే గడి కాడ చెయ్యి ఆగింది.
ఆ చీటీ మీద మొదటిసారి తెలుగుల రాసిన:
'చూసిండ్రు. వెండే.'

సాబ్ అద్దాలు నెత్తి మీదికి జరుపుకొని
ఆ గుండ్రని అక్షరాలను కొద్దిసేపు చూసిండు,
ఏడు గంటల కాడికెల్లి మొదలుపెట్టినట్టు.
ఏమీ అడగలేదు.
ధర కాడ రెండు రియాళ్ళు కొట్టేసి
సంచిల ఏసిండు.